పదిహేడో నంబరు సీసా

ఆ ఫ్యాక్టరీలో ఆవిడను పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు. పెద్దా చిన్నా అందరికీ మఖమలు అక్కే. పొద్దున్నే వచ్చి, జుట్టంతా టోపీలోకి దోపుకుని, చేతులకు పలచని తొడుగులు వేసుకుని, మఖమలు గుడ్డ చుట్టిన రోలరును గాజుపలకల మీద దొర్లించడం ఆవిడ పని. ఎటుపడితే అటు కాదు, ఒకే దిక్కుకు. ఇరవై రెండేళ్లుగా అదే దిక్కు.

"ఇంట్లో గచ్చు తుడిచినా ఇలా ఒకవైపేనా అమ్మాయ్? వెనక్కి రావడమంటూ ఉండదా?" అని మేలమాడేది పక్కబల్ల దగ్గర దీపం చూసుకునే లాంపు పిన్ని.

"వస్తాను పిన్నీ, మీ అన్నం డబ్బా ఎత్తుకుపోవడానికి."

ఆ రోలరు దొర్లినచోట గాజు మీది పూతలో కంటికి ఆనని గీతలు పడతాయి. వాటి మీద పరిచే పదార్థం దేవుడు తీరిగ్గా ఉన్న రోజున చేసినట్టుంటుంది. పారడానికి నీళ్లలా పారుతుంది, లోపల మాత్రం స్ఫటికంలా వరస పాటిస్తుంది. ద్రవస్ఫటిక పాలిమర్ అంటారు దాన్ని. పొడవాటి గొలుసులు, ఆ గొలుసులకు వేలాడే సన్నని పుల్లల్లాంటి అణువులు. సరైన వేడిలో కాసేపు ఉంచితే పుల్లలన్నీ గీతల వెంట ఒకవైపుకు తిరిగి పడుకుంటాయి, దువ్వెనకు లొంగిన జుట్టులా. అప్పుడు అతినీల కాంతి దీపం కింద పెడితే ఆ వరస అలాగే గట్టిపడిపోతుంది. ఆ పొరను ఒలిచి, యంత్రాల మీద అంకెలు చూపించే చిన్న తెరలకు అతికిస్తారు. మండుటెండలో కూడా అంకె స్పష్టంగా కనబడుతోందంటే ఆ పొర చలవే.

ఆ పాలిమర్ వండే మనిషి ఆవిడ సొంత అన్నయ్య. అమ్మానాన్నలు పోయాక చెల్లెలికి తలదువ్వి బడికి పంపినవాడు. ఫ్యాక్టరీలో పాకం అన్న అనేవారు. గాజుకుండలో మందులు కలిపి, లోపలి గాలిని తరిమి నైట్రోజన్ నింపి, సన్నని సెగ మీద గంటల తరబడి కలియబెట్టేవాడు. కలియబెట్టే మర చప్పుడు విని గొలుసులు ఏపాటి పొడవు పెరిగాయో చెప్పేవాడు. "ఇంకా లేతపాకమే. ఇప్పుడే దించితే పొర గట్టిగా నిలవదు" అనేవాడు. మరికాసేపటికి తల పంకించి, "ఆఁ, తీగ పడింది" అని మర ఆపేవాడు. ఆ చిక్కని ద్రవాన్ని స్పిరిట్‌లోకి బొట్టుబొట్టుగా వదిలితే తెల్లని పోగులు తేలేవి. వాటిని ఆరబెట్టి, నల్లసీసాలో పోసి, నంబరు రాసి, రెండు చేతులతో అందించేవాడు, పసిబిడ్డను అందించినట్టు.

పేరు తెచ్చింది ఆ చెవి. పేరు పోగొట్టింది పదిహేడో వంట.

అప్పటికి పొరలు వేడికి సడలిపోతున్నాయని నాలుగైదు ఫిర్యాదులు వచ్చాయి. గొలుసులు పొడుగైతే పొర గట్టిగా నిలుస్తుందని అన్నయ్య ఆలోచన. పదిహేడో వంటలో ఆరంభానికి వేసే మందు తగ్గించి, గాలి ఇంకా బాగా తరిమి, ఎక్కువసేపు కలియబెట్టాడు. ముందే వెళ్లి గడియారం సారుకు చెప్పాడు కూడా. ఆయన గడియారం చూసుకుంటూ "ఊఁ" అన్నాడు.

గడియారం సారు అంటే అక్కడి పెద్ద. అందరికీ పని నేర్పించిన తొలిరోజుల్లో, వేడిపళ్లెం మీద పొర పది నిమిషాలకు కుదుటపడటం ఒకసారి కళ్లారా చూశాడు. ఆ వెంటనే గోడ మీద పెద్ద అక్షరాలతో 'వేడి మీద పది నిమిషాలు' అని రాయించాడు. ఆ రోజు వాడింది పలచని పాకం. పాకాన్ని బట్టి సమయం మారుతుందని ఆయనకు తట్టలేదు, తట్టినా గోడకు రాసింది చెరపడం ఆయన వంశంలో లేదు.

పదిహేడో వంట పొరను పది నిమిషాలకే దించి దీపం కింద పెట్టారు. గట్టిపడ్డాక రెండు నల్లని పరీక్ష పలకల మధ్య పెట్టి వెలుతురుకు ఎత్తితే, పొర నిండా మెలికలు తిరిగిన దారాలు. వరస కుదరని చోటల్లా మెరుస్తూ కనబడే గీతలవి.

గడియారం సారు పనివాళ్లను పద్దెనిమిదిమందినీ పిలిపించాడు. పొరను ఎత్తి పట్టుకుని, ఆ హాలంతా మారుమోగేలా అన్నాడు.

"చూడండర్రా! ఇది పొరా, వానపాముల గుంటా? పాకం అన్నట, పాకం! పాకం ముదరబెట్టి మాడ్చి తెచ్చాడు. ఏమయ్యా, నీ చెయ్యి పోయింది. ఇక నీకు గంజి కాచడం కూడా రాదు!"

కొందరు నవ్వారు. నవ్వకపోతే ఏమవుతుందో అని నవ్వినవాళ్లు కూడా ఉన్నారు.

"సారూ, ఇంకాస్త సేపు వేడి మీద ఉంచితే దారాలు పోతాయేమో" అంది అక్క.

"గుడ్డతో రుద్దేదానివి. రుద్దు."

అన్నయ్య ఆ దారాలనే చూస్తూ నిలబడ్డాడు. చెల్లెలు తోడబుట్టిన ప్రేమకొద్దీ అడ్డం వచ్చిందనుకున్నాడు, తన చెయ్యి నిజంగానే తప్పిందని నమ్మాడు. ఆ సాయంత్రమే పనిలోంచి తీసేశారు. అతను వాకిలి దాటుతుంటే కాపలా మనిషి లేచి నిలబడి, సైకిలు గేటు బయటిదాకా నడిపించుకుంటూ వచ్చాడు. ఆ పూట అతనికి మర్యాద చేసింది ఆ ఒక్కడే.

తర్వాత అన్నయ్య ఒక రంగుల దుకాణంలో డబ్బాలు తూచే పనికి కుదిరాడు. ముదరబెట్టినవాడన్న మాట అతనికంటే ముందే ఊరంతా తిరిగింది, ఇంకే ఫ్యాక్టరీవాళ్లూ పిలవలేదు. చిన్న పనికి దిగినందుకు కాదు అక్క కడుపు రగిలింది. ఒకరోజు వాళ్లింటికి వెళితే, అన్నయ్య పొయ్యి దగ్గర నిలబడి ఉన్నాడు. మర చప్పుడుతో అణువుల పొడవు చెప్పిన మనిషి వదినను కేకేసి అడుగుతున్నాడు: "ఇదిగో, పాలు కాగాయంటావా? ఒకసారి వచ్చి చూస్తావా?"

వదిన తడిచేతులతో వచ్చి, "కాగాయి, దించండి" అని మామూలుగా చెప్పి వెళ్లిపోయింది. రోజూ అలాగే చెబుతుందని అక్కకు అర్థమైంది.

ఆ రోజు ఇంటికి వెళ్లి దేవుడి ముందు దీపం పెట్టి, ఏ సిగ్గూ లేకుండా కోరుకుంది. "స్వామీ, ఆ మనిషి తల వంచుకోవాలి. చాటుగా కాదు. నలుగురిలో. ఆ గొంతుతోనే." దేవుడికి ఇలాంటి మొరలు కూడా అలవాటే, విని ఊరుకుంటాడు అని ఆవిడ నమ్మకం.

అసలు ఆవిడ చేతిలో ఒక ఆయుధం ఉంది. పదిహేడో సీసాను పారబొయ్యమని సారు చెప్పింది ఆవిడకే. ఆవిడ పారబొయ్యలేదు. చల్లని బీరువాలో అడుగు అరలో, కడుగుడు గుడ్డల వెనక పెట్టింది.

నెల తిరక్కముందే ఒక మధ్యాహ్నం పరీక్ష చేసింది. భోజనాల గంట కొట్టగానే గడియారం సారు తన గది తలుపు వేసుకుంటాడు. ముప్పావుగంట ఎవరూ ఎవరినీ అడగరు. అక్క చిటికెడు పొడి కరిగించి, రుద్దిన చిన్న గాజుముక్క మీద పరిచి, వేడిపళ్లెం మీద పెట్టింది. నల్లపలకల్లోంచి చూస్తూ కూర్చుంది. పది నిమిషాలకు దారాలే. ఇరవైకి కొన్ని ఒకదాన్నొకటి మింగేశాయి. చిక్కని తేనెలో చీమ నడిచినట్టు కదులుతున్నాయి. ముప్పై అయిదుకు రెండే మిగిలాయి. నలభైకి ఒక్కటి కూడా లేదు. నీళ్లు కదలని చెరువులా పొరంతా ఒకే వెలుగు.

అన్నయ్య చెయ్యి తప్పలేదు. గడియారం తప్పింది.

అప్పుడే పరుగెత్తుకెళ్లి చెప్పాల్సింది. చెప్పలేదు. చెబితే ఏమవుతుందో ఆవిడకు తెలుసు. అన్నయ్య వెన్నలాంటివాడు. మర్నాడే సారు గదికి వెళ్లి, తలుపు దగ్గరగా వేసి, మెల్లగా సంగతి చెబుతాడు. ఆయన "ఓహో, అలాగా" అంటాడు. ఈయన దణ్ణం పెట్టి వచ్చేస్తాడు. హాలంతా వినబడిన అవమానానికి నాలుగు గోడల మధ్య మందు! ఆవిడకు అది చాలదు. పద్దెనిమిదిమంది ముందు అన్న మాటను పద్దెనిమిదిమంది ముందే మింగాలి.

అందుకని గాజుముక్కను గుడ్డలో చుట్టి దాచుకుంది. కాచుకుని కూర్చుంది. ఒక నెల కాదు, రెండు నెలలు కాదు. రెండేళ్లు.

ఆ రెండేళ్లూ రోలరు దొర్లిస్తూ, కింద ఉన్నది గాజు కాదు, సారు బట్టతల అనుకునేది. అందుకేనేమో ఆ రోజుల్లో ఆవిడ రుద్దిన పలకల్లో ఒక్కటి కూడా తిరిగిరాలేదు. సారు "బాగా చేస్తున్నావమ్మా" అంటే, "మీరే గుర్తొస్తుంటారు సారూ" అనేది. ఆయన మురిసిపోయేవాడు.

చివరికి ఆ రోజు వచ్చింది. అన్నయ్య స్థానంలో వచ్చిన కొత్త వంటమనిషి లేతపాకాల పొరలు ఎండకు సడలి, తెరలు చేసే కంపెనీ విసిగిపోయింది. వాళ్ల ఇంజినీరు, కళ్లద్దాల ఆవిడ, స్వయంగా వచ్చి తన కళ్ల ముందు వేడి పరీక్ష చేయిస్తానని కబురు పెట్టింది. మూడు పొరలు సిద్ధం చెయ్యమన్నాడు సారు.

ముందురోజు మధ్యాహ్నం భోజనాల గంట కొట్టాక, ఆ మూడింటిలో ఒకటి పదిహేడుతో చెయ్యాలని, అక్క సీసా కోసం అడుగు అరలో చెయ్యి పెట్టింది. కడుగుడు గుడ్డలు లేవు. సీసా లేదు.

"ఏం వెతుకుతున్నావు?" వెనక లాంపు పిన్ని, చేతిలో అన్నం డబ్బా.

"ఏం లేదు పిన్నీ."

"ఏం లేనిది పై అరలో ఉంది. ఏడాది కిందట బీరువా మంచు కరిగి అడుగంతా నీళ్లయితే పైకి మార్చాను. మూత చుట్టూ మైనం కూడా పెట్టాను. తడి తగిలితే పాడైపోదూ?"

అక్క ఆవిడవైపు తిరిగింది. "మీకు తెలుసా?"

"మీ అన్నయ్య రాసిన ఏడు అంకె నాకు తెలీదా? తోక వంకర తిప్పుతాడుగా. పోనీలే, ఎప్పటికైనా చెబుతావని ఊరుకున్నా." పిన్ని డబ్బా పక్కన పెట్టి దీపం దగ్గర కూర్చుంది. "ఎంతసేపు కావాలి?"

"నలభై నిమిషాలు. మీ అన్నం చల్లారిపోతుంది."

"ఏనాడు వేడిగా తిన్నాను గనక?"

పెద్ద పలక కదా, నలభై ఆరు నిమిషాలు పట్టింది. ఆ చివరి నిమిషాలు మళ్లీ పనిగంట కొట్టాక గడిచాయి. ఇద్దరూ పొరను దీపం కిందికి జరిపారు. అక్క పొర మూలన 17 అని స్పష్టంగా రాసింది. దొంగపని కాదని తనకు తాను చెప్పుకోవడానికి. సారు మూలలు చూసే మనిషి కాదని ఆవిడకు తెలుసు, అది వేరే సంగతి.

మర్నాడు మూడు పొరలనూ తొంభై డిగ్రీల పెట్టెలో గంటసేపు ఉంచి బయటికి తీశారు. అందరూ చుట్టూ మూగారు. కళ్లద్దాల ఆవిడ మొదటి పొరను నల్లపలకల మధ్య ఎత్తింది. మరకలు మరకలుగా వెలిసిపోయింది. రెండోది అంచుల దగ్గర ముడుచుకుపోయింది. గడియారం సారు జేబురుమాలు తీశాడు. మూడోది ఎత్తింది. తిప్పితే మొత్తం వెలుగు, ఇంకా తిప్పితే మొత్తం చీకటి. గీత లేదు, మరక లేదు.

"ఇది! ఇదీ నాకు కావలసింది" అంది ఆవిడ.

సారు ముఖం వెలిగింది. "ఇదే మేడమ్ మా అసలు సరుకు. దగ్గరుండి చేయించాను. మా పద్ధతి ఇరవయ్యేళ్ల పద్ధతి. పది నిమిషాలు, ఒక్క క్షణం అటూ ఇటూ కాదు!" అంటూ నాణ్యత కాగితం మీద సంతకం బరికేశాడు.

"ఏ వంట? నంబరు రాయాలి" అంది ఆవిడ.

"నంబరు చెప్పమ్మా" అన్నాడు సారు అక్కవైపు తిరిగి, నవ్వుతూ.

రెండేళ్లుగా నాలుక కింద దాచుకున్న మాట అది. అక్క తొందరపడలేదు.

"పదిహేడు, సారూ."

"పదిహేడా? ఏ పదిహేడు?"

"మాడ్చి తెచ్చాడని మీరన్న పదిహేడు. పారబొయ్యమన్నారు. నేను పారబొయ్యలేదు. పది నిమిషాలు కాదు, నలభై ఆరు నిమిషాలు ఉంచాను. మూలన నంబరు ఉంది, చూడండి."

సారు చూశాడు. తన సంతకం వంకా చూశాడు. బాగాలేదంటే సంతకం అబద్ధం. బాగుందంటే ఆ రోజు అన్న మాట అబద్ధం. మింగలేక కక్కలేక తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయాడు.

"చిక్కని పాలిమర్‌కు ఎక్కువ సమయం పట్టడం మామూలే కదా" అంది కళ్లద్దాల ఆవిడ, ఏమీ తెలియక. "దీన్ని చేసినవారు ఎవరు? వారితో మాట్లాడవచ్చా?"

"అతను… ఇప్పుడు లేడు మేడమ్. ఒక చిన్న పొరపాటు" అని గొణిగాడు సారు. "ఏమ్మా, మనం తర్వాత మాట్లాడుకుందాం."

"తర్వాత వద్దు సారూ. ఆ రోజు ఇంత చిన్నగా అనలేదు మీరు."

"అంటే?"

"పొరపాటు ఎవరిదో అందరికీ వినబడాలి. ఆ రోజు వినబడినంత."

హాలులో గాలి పంకాల రొద. ఉన్నట్టుండి ఆ రొద ఆగిపోయింది. లాంపు పిన్ని గోడ దగ్గర స్విచ్చు మీద చెయ్యి పెట్టి, "నాకు చెవులు సరిగ్గా వినబడవు బాబూ, అందుకని" అంది.

ఆ నిశ్శబ్దంలో గడియారం సారు అన్నాడు. "అతను చేసింది మంచి పాకం. పొరపాటు నాది." కాపలా మనిషి దాకా వినబడింది.

అక్క ఆ మాటను చప్పరించింది. దాచిపెట్టడం దేనికి, తియ్యగా ఉంది. సారు మెడ వంగడం, ఆ వంగిన మెడ మీద చెమట జారడం, అన్నీ తీరిగ్గా చూసింది. గోడ మీది అక్షరాలు ఆయనే చెరిపించాల్సి వచ్చినప్పుడు బల్ల దగ్గర్నుంచి కదలకుండా చివరి అక్షరం దాకా చూసింది.

సాయంత్రం రెక్కలు కట్టుకుని అన్నయ్య ఇంటికి పోయింది. గుమ్మంలోనే నిలబడి మొత్తం చెప్పింది, సారు గొంతును అనుకరిస్తూ. వదిన ఏడుస్తూ నవ్వింది. ఆవిడ వెంట తెచ్చిన పొరను అన్నయ్య రెండు చేతులతో తీసుకుని కిటికీ వెలుగులో చాలాసేపు చూశాడు.

"దారాలు పోయాయి" అన్నాడు మెల్లగా.

"పోతాయని నాకు ముందే తెలుసన్నయ్యా! నువ్వు వెళ్లిన నెలకే చిన్న ముక్క మీద చూశాను. నలభై నిమిషాలకు శుభ్రంగా…"

మాట మధ్యలోనే అక్కకు తాను ఏం చెబుతోందో అర్థమైంది. కానీ మాట బయటికి వచ్చేసింది.

అన్నయ్య పొరను బల్ల మీద పెట్టాడు. "నెలకే తెలుసా?"

"ఆయన్ను నలుగురిలో… నువ్వయితే మన్నించేస్తావని…"

"ఆయన సంగతి కాదమ్మా నేను అడిగేది. రెండేళ్లు నా చెయ్యిని నేను నమ్మలేదు. రోజుకొకసారి ఆ వంట మొదట్నుంచి తలుచుకునేవాడిని, ఎక్కడ తప్పానా అని. ఆ గాజుముక్క నాకు ఒక్కసారి చూపించి మళ్లీ దాచుకోవాల్సింది. ఎవరికీ చెప్పేవాడిని కాదు."

గడియారం సారు అన్న మాట ఒక్క సాయంత్రానిది. దాన్ని రెండేళ్లు సాగదీసింది ఎవరు? వదిన వచ్చి ఆడపడుచు పక్కన కూర్చుని, ఆవిడ చేతిని తన ఒళ్లో పెట్టుకుంది.

ఫ్యాక్టరీవాళ్లే కారు పంపి అన్నయ్యను మళ్లీ పనిలోకి పిలిపించుకున్నారు. అతను వచ్చాడు, కానీ చెల్లెలితో పనిమాటే తప్ప వేరే మాట లేదు. వారం, రెండు వారాలు. సారు ఎదురుపడి తల దించుకుపోతుంటే అక్కకు ఇంకా హాయిగానే ఉండేది. ఆ హాయిని చెప్పుకోవడానికి మాత్రం మనిషి లేడు. దేవుడి ముందు కూర్చుంటే ఆయనతో కూడా ఏం చెప్పాలో తోచేది కాదు.

మూడో వారం ఒక ఉదయం అన్నయ్య ఆవిడ బల్ల దగ్గరికి వచ్చాడు. చేతిలో కొత్త సీసా, ఇరవై తొమ్మిదో వంట.

"ఇది పదిహేడు కంటే కొంచెం పలచన. అంటే, నా చెవికి అలా అనిపించింది. ఎంతసేపు పడుతుందో చూసి చెప్పు" అన్నాడు. రెండడుగులు వేసి మళ్లీ వెనక్కి తిరిగాడు. "ఈసారి తెలిసిన రోజునే చెప్పమ్మా."

అక్క తలెత్తకుండా రోలరు అందుకుంది. పదకొండు గంటలకల్లా చేతి తొడుగులైనా తీయకుండా వంటగది తలుపు దగ్గరికి వెళ్లి నిలబడింది.

"ముప్పై మూడు నిమిషాలు, అన్నయ్యా."